ట్రాలీ జాకీ హోసు నట్టు దగ్గర ఆయిలు కారతాంది, ఎంత బిగిచ్చినా ఆగడంల్యా

తాడిపత్రి ట్రాలీ:
అన్నల్లారా, పొద్దున్నుంచి ఇదే పని. ట్రాలీని లేపే జాకీకి ఆయిలు పోయే పాత హోసు ఉబ్బిందని కొత్తది వేసినాం. నట్టు దగ్గర ఆయిలు కారతాంది. టెఫ్లాన్ టేపు మందంగా చుట్టినా అంతే. పానాకు ఇనుప గొట్టం తొడిగి ఇద్దరం ఏలాడినాం, ఇంక తిరగదు. ఖాళీ ట్రాలీ లేపితే ఏం లేదు, నాపరాయి తుక్కు నింపి లేపితే కారేది మొదలు. రేపు బాడుగ ఉండాది. టేపు కాకుండా ఏం పుయ్యాలో చెప్పండబ్బా.

బురుజు కాడి మనిషి:
ఆయిలు ఏది పోసినావు తమ్ముడూ? ముందు ఆ మాట చెప్పు. శానా ట్రాక్టర్లలో గేర్లకూ బ్రేకులకూ హైడ్రాలిక్కుకూ ఒకటే ఆయిలు. దాంట్లో ఏదో ఒకటి కలిపితే సీళ్లు పాడైతాయి. మజ్జిగ మాదిరి తెల్లగా ఉంటే నీళ్లు దిగినట్టు. ఫిల్టరు ఎప్పుడు మార్చినావు? మన ఎండలకు ఆయిలు పలచబడుతుంది, అప్పుడు ఏ జాయింటైనా...

హోసు పని:
టేపు తీసెయ్.

తాడిపత్రి ట్రాలీ:
టేపు ఉంటేనే కారతాంటే తీసేస్తే ఆగుతాదా అన్నా?

హోసు పని:
ఆ నట్టుకు టేపుతో పనిలేదు. లోపల కోను ఉంటాది, అది ఎదురు ముక్క మూతిలో కూర్చుంటాది, ఆయిలు ఆగేది అక్కడ. థ్రెడ్డు ఉండేది ఆ రెండిటినీ నొక్కి పట్టేదానికే.

కడప వర్క్‌షాపు:
ఆయన చెప్పింది కరెక్టే. మన హోసులకు ఎక్కువగా వచ్చేది బీఎస్‌పీ నట్టు, అంటే బ్రిటిష్ పైపు థ్రెడ్డుది, 60 డిగ్రీల కోను. పైగా టేపు పీలికలు లోపలికి పోతే వాల్వులో ఇరుక్కుంటాయి, అప్పుడు ట్రాలీ దిగనని మొండికేస్తాది. ఇంతకీ ఆ నట్టు ఎక్కింది దేనిమీద? అది చెప్పలేదు నువ్వు.

తాడిపత్రి ట్రాలీ:
నిపిల్ మీద, రెండు పక్కలా థ్రెడ్డు ఉండే చిన్న గొట్టం. అర ఇంచిది. సైజు సరిపోయింది, చేత్తోనే ఎక్కింది.

బుక్కపట్నం వీరాభిమాని:
అర ఇంచి అంటే 12.7 ఎమ్మెమ్ కదా. నేను మా ట్రాలీది కొలిస్తే 21 దాకా వచ్చింది. అందరూ అర ఇంచి అర ఇంచి అంటారు, ఎట్లయితాది?

కడప వర్క్‌షాపు:
అర ఇంచి అనేది పైపు పేరు, థ్రెడ్డు కొలత కాదు. అర ఇంచి బీఎస్‌పీ బయట కొలత 20.955 ఎమ్మెమ్, ఇంచికి 14 పళ్లు. అమెరికా పద్ధతి ఎన్‌పీటీకి కూడా అర ఇంచిలో 14 పళ్లే, కాబట్టి కొన్ని చుట్లు ఎక్కుతాది, మోసపోతారు. కానీ బీఎస్‌పీ పళ్ల కోణం 55 డిగ్రీలు, ఎన్‌పీటీది 60.

బుక్కపట్నం వీరాభిమాని:
అట్లయితే అర ఇంచి అనడమే తప్పు.

హోసు పని:
అంగట్లో పోయి 20.955 ఇయ్యమని అడుగు, ఇస్తాడు.

కడప వర్క్‌షాపు:
సరే అది వదిలేయండి. తమ్ముడూ, ఆ నిపిల్ ఎక్కడిది? మూతిలోపలికి గరాటు మాదిరి చెక్కి ఉందా, లేక ఉత్త గొట్టమా?

తాడిపత్రి ట్రాలీ:
ఉత్త గొట్టమే అన్నా. జాకీకీ హోసుకూ మధ్య ఉండే పాత అడాప్టరు థ్రెడ్డు పోయిందని మా బామ్మర్ది బోరు సామాన్ల అంగడిలో జీఐ నిపిల్ తెచ్చినాడు. అదీ ఇదీ ఒకటే కదా?

హోసు పని:
ఇది పొద్దున్నే చెప్పింటే.

బుక్కపట్నం వీరాభిమాని:
మా బోరుకు జీఐ నిపిళ్లే, టేపే. ఏండ్లైనా చుక్క కారలేదు.

కడప వర్క్‌షాపు:
వెయ్యి అడుగుల బోరైనా ముప్పై బార్ ఒత్తిడి. ట్రాక్టరు పంపు 150 బార్ పైనే ఇస్తాది. నీళ్ల నిపిల్ అంత ఒత్తిడికి చేసింది కాదు, లోపల కోను కూర్చునే చోటూ లేదు. దాన్ని ఎంత బిగిచ్చినా అంతే, పగిలితే నిండు ట్రాలీ కిందికి దబ్బున వస్తాది.

ముందు ట్రాలీ దించి, ఇంజను ఆపి, లివరు అటూ ఇటూ కదిపి ఒత్తిడి వదులు. తర్వాత విప్పు. హోసు కోనును గోరుతో తాకి చూడు. గుండ్రంగా గాడి పడింటే హోసు కొసనుండే ఆ ఫిట్టింగు మార్చాల, ఆ ఏలాడుడుకు పడే ఉంటాది. కోను ఉండే స్టీలు అడాప్టరు తెచ్చుకో. జాకీ వైపు థ్రెడ్డు కొస సన్నబడకుండా అంతా ఒకే లావుంటే, అడాప్టరు కింద డౌటీ వాషరు వెయ్యి, అంటే లోపలి అంచుకు రబ్బరు పెదవి ఉండే ఇనుప వాషరు, అక్కడ కూడా టేపు వద్దు. చేత్తో ఆగేదాకా తిప్పి, ఒక పానాతో అడాప్టరు పట్టుకొని ఇంకో పానాతో నట్టు బిగించు. హోసు మీద అక్షరాల గీత ఉంటాది చూడు, అది మెలి తిరిగితే మళ్లీ వదులు చేసుకో.

హోసు పని:
కారేచోట చెయ్యి పెట్టి చూడొద్దు. అట్టముక్క పెట్టు.

కడప వర్క్‌షాపు:
అవును. సన్నని ధార చర్మంలోకి దూరిపోతాది, పైకి సూది గుచ్చినట్టే కనపడతాది. దూరితే నొప్పి లేకున్నా వెంటనే ఆసుపత్రికి పోవాల్సిందే.

బురుజు కాడి మనిషి:
అవన్నీ సరే, ఆయిలు రంగు ఏముందో ఇంకా చెప్పలేదు.

తాడిపత్రి ట్రాలీ:
నిపిల్ విప్పినా. కోనుకు గాడి పడింది. అనంతపురం పోతాండా, ఉంటా అన్నా.

బుక్కపట్నం వీరాభిమాని:
3/8 బీఎస్‌పీ కొలత ఎంత అన్నా?

హోసు పని:
16.66. ఇంచికి 19 పళ్లు.