కెయిర్న్‌గోర్మ్‌లో ‘గోర్మ్’: నీలమా, పచ్చనా?

మొన్న మన గుంపులో ‘పచ్చ’ అంటే ఆకుపచ్చా, పసుపా అని జరిగిన చర్చ చదువుతుంటే, చాలాకాలంగా నన్ను వదలని ఒక గేలిక్ (స్కాట్లాండ్‌లోని ఒక పాత భాష) మాట గుర్తొచ్చింది: గోర్మ్.

స్కాట్లాండ్‌లో కెయిర్న్‌గోర్మ్ అని 1245 మీటర్ల కొండ ఉంది. కెయిర్న్ అంటే రాళ్ల గుట్ట. గోర్మ్ అంటే నీలం అని నిఘంటువు మొదటి అర్థం. కానీ గేలిక్‌వాళ్లు పచ్చిక రంగునూ గోర్మ్ అంటారు. మనం గడ్డినీ పచ్చ అంటాం, కామెర్లనీ పచ్చ అంటాం కదా, అలాగన్నమాట. అందుకే ఈ కొండ పేరును ఒక్క మాటలో అనువదించబోతే చెయ్యి ఆగిపోతుంది.

అసలు విశేషం ఇంకా ఉంది. ఆ కొండల వరుస మొత్తానికి గేలిక్‌లో వేరే పేరుంది: అమ్ మొనఘ్ రువఘ్, అంటే ఎర్ర కొండలు. అక్కడి గ్రానైటు దగ్గర్నుంచి చూస్తే గులాబీ ఛాయలో ఉంటుంది. స్పే నదికి అవతలి పక్కవి మొనఘ్ లియా, బూడిదరంగు కొండలు. నది దగ్గర నిలబడి ఇటు ఒకసారి, అటు ఒకసారి చూసినవాళ్లు పెట్టుకున్న జంట పేర్లివి. ఇంగ్లిషు వాడుకలో ఒక్క శిఖరం పేరే వరుసంతటికీ పాకింది. ఎర్ర కొండలు కాస్తా నీలి కొండలైపోయాయి, జంట విడిపోయింది. నాకైతే ఇది నిజంగా బాధ కలిగించే నష్టం.

జంతువుల, చెట్ల పేర్లూ ఇలాగే మరుగున పడ్డాయి. బ్రిగ్ ఓ టర్క్ అనే ఊరు పేరు చూసి టర్కీవాళ్లేమో అనుకుంటాం. అది ‘తోర్క్’, అంటే అడవిపంది. అక్కడి అడవిపందులు వందల ఏళ్ల కిందటే అంతరించాయి, ఊరి పేరు మాత్రం వాటిని దాచుకుంది. కింగ్యూసీ అనే ఊరి పేరుకి అర్థం పైన్ అడవి కొస.

గ్లెన్‌షీ అనే లోయ పేరులో ‘షీ’ అంటే గుట్టల కడుపులో కాపురముంటారని నమ్మే కనిపించని జనం. దియర్మద్ అనే వీరుడు పందిని వేటాడి, ముల్లులాంటి దాని విషపు వెంట్రుక గుచ్చుకుని చనిపోయిన కథను ఆ లోయవాళ్లు తమదే అంటారు. పంది, వీరుడు, కనిపించని జనం అంతా ఒకే లోయలో!

వ్యాఖ్య: మాస్టారూ, చాలా బాగుంది. చిన్న సందేహమండీ. గేలిక్‌వాళ్లు కూడా దీన్ని ‘గోర్మ్’ అనే పలుకుతారా?

జవాబు: మంచి ప్రశ్న అడిగావమ్మా. వాళ్లు ‘గొరొమ్’ అంటారు. ర, మ కలిసిన చోట మధ్యలో ఒక అచ్చు తోసుకొస్తుంది. మన రత్నం రతనమైనట్టు, వర్షం వరుషమైనట్టు. స్కాట్లాండ్‌కి గేలిక్ పేరు ఆల్బా, దాన్నీ ‘అలపా’ అని పలుకుతారు. గేలిక్ ఉచ్చారణ గురించి రాసే పండితులు దీనికి వాడే పేరేమిటో తెలుసా? స్వరభక్తి! మన వ్యాకరణాల్లోని సంస్కృత మాటే. అది చదివిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు.