మౌత్‌పీస్ షాంక్‌కి ముందే రింగు వేయించాలా, కార్క్ అరగదీస్తే సరిపోతుందా?

ఆల్టో_పిచ్చి:
అందరికీ నమస్కారం. నేను ఆల్టో సాక్సోఫోన్ వాయిస్తాను, ఎక్కువగా పెళ్లిళ్లు, ఆదివారాలు చర్చి. పోయిన నెల ఒక పెళ్లిలో సన్నాయి ఆయన శ్రుతికి కలుపుకుందామని మౌత్‌పీస్‌ని (నోటితో ఊదే ముక్క) నెక్ గొట్టానికి చుట్టిన కార్క్ మీదకి కాస్త లోపలికి తోశాను, టిక్‌మని చప్పుడైంది. రీడ్ (ఊదితే అదిరే పల్చటి పుల్ల) చిట్లిందేమో అనుకున్నా. రీడ్ బాగానే ఉంది. తీసి లైటుకి ఎదురుగా పెట్టి చూస్తే షాంక్, అంటే కార్క్ మీదకి ఎక్కే వెనక కొస, దాని అంచు నుంచి లోపలికి వెంట్రుకంత గీత, అర అంగుళం పొడవుంటుంది. ఆరేళ్లుగా వాయిస్తున్న ఎబొనైట్ (గట్టి రబ్బరు) మౌత్‌పీస్ అది, ఆ రాత్రి అన్నం కూడా సరిగా తినలేదు.

దానికి ఎలాగూ రింగు వేయించాలి, నా ప్రశ్న అది కాదు. స్పేర్‌గా ఈమధ్యే కొన్న ఇంకో ఎబొనైట్ మౌత్‌పీస్ ఉంది, గీత కూడా పడలేదు. మా రిపేరు ఆయన దాన్ని కూడా ఇవ్వమంటున్నాడు, షాంక్ చుట్టూ ఒక మిల్లీమీటరు లోతు తరిగి ఇత్తడి రింగు కూర్చోబెడతాడట, ఇక జన్మలో పగలదట. బాగున్నదాన్ని లేత్ ఎక్కించడానికి నాకు చేతులు రావట్లేదు. మీరేమంటారు?

లేత్_పని:
అనుమానం లేకుండా వేయించండి. క్లారినెట్ ఎప్పుడైనా దగ్గరగా చూశారా, ఒక ముక్క ఇంకో ముక్కలోకి దూరే చోట బయట లోహపు రింగు ఉంటుంది, అందానికి కాదు. లోపల నుంచి కార్క్ నెడుతుంటే గోడ విచ్చుకోకుండా పట్టుకోవడానికి. ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టా వేసినట్టే ఇది కూడా. కొన్ని కంపెనీలు కొత్త మౌత్‌పీసులకే షాంక్ చివర రింగు వేసి అమ్ముతున్నాయి, వాళ్లకేమన్నా పిచ్చా? నేను విజయవాడ ఆటోనగర్లో లేత్ మీద బతుకుతున్నా, మూడు వేశాను, ఇంతవరకు ఒక్కటీ వెనక్కి రాలేదు.

బ్యాండు_బాబాయి:
బండి చక్రం మాట ఎత్తావు కాబట్టి చెప్తున్నా అబ్బాయ్. ఆ పట్టాని ఎర్రగా కాల్చి, చక్రానికి తొడిగి, నీళ్లు పోసి బిగిస్తారు. ఎబొనైట్ అంటే రబ్బరులో గంధకం బాగా కలిపి ఉడికించి గట్టిపరచిందే కదా, దాని దగ్గర ఆ వేషాలు వేస్తే కుళ్లిన గుడ్డు కంపు కొట్టి వంకర తిరుగుతుంది. వేడి నీళ్లతో కడిగినా పచ్చగా మారే వస్తువు అది. రింగుని వేడి చేసి దిగేసేవాడికి మాత్రం ఇవ్వొద్దు.

ఇంకోటి. ఒక మిల్లీమీటరు తరగడం అంటే ఏమిటో షాంక్ అంచుని ఒకసారి చూసి మాట్లాడండి. అసలు ఆ గోడ ఎంత మందం ఉందని? బలం ఇవ్వడానికి ఉన్న బలాన్ని చెక్కేయడమేమిటి? రింగు జారినా, జిగురు వదిలినా మిగిలేది పల్చటి గోడే. వేయాలనుకుంటే తరగకుండా పైనుంచి తొడిగేది చూసుకో. అదీ కాకపోతే వేణువుకి చుట్టినట్టు దారం చుట్టుకో. వెదురు చీలకుండా వేణువు చేసేవాళ్లు నైలాన్ దారం పక్కపక్కనే వరసగా బిగించి చుట్టి కొస లోపలికి లాగేస్తారు చూడు, అదే పని. పైన సన్నగా సూపర్ గ్లూ ఒక పూత.

అది సరే, అసలు నెక్ మీద కార్క్ ఎప్పుడు మార్పించావు నువ్వు?

ఆల్టో_పిచ్చి:
ఆ పెళ్లికి పది రోజుల ముందు బాబాయ్.

బ్యాండు_బాబాయి:
హహ. దొంగ దొరికాడు.

టెక్సాస్_టెనర్:
బాబాయి గారు వేడి సంగతి ఎత్తారు కాబట్టి ఒక లెక్క. వేడికి ఎబొనైట్ వ్యాకోచించడం ఇత్తడితో పోలిస్తే దాదాపు నాలుగు రెట్లు. 22 మి.మీ. షాంక్, 30 డిగ్రీల తేడా అనుకోండి, ఎబొనైట్ సుమారు 0.05 మి.మీ. పెరుగుతుంది, ఇత్తడి రింగు 0.01 మి.మీ. పైచిలుకు, అంతే. అంటే మే నెలలో కారులో వదిలేస్తే రింగు షాంక్‌ని నొక్కుతుంది, చలికాలంలో అదే రింగు వదులవుతుంది. ఇక్కడ జనవరిలో నా రింగు ఒకసారి ఊడి కేసులో దొర్లుతూ కనిపించింది. గట్టిగా దిగ్గొట్టకుండా, కొంచెం సందు ఉంచి అరాల్డైట్ లాంటి ఎపాక్సీతో అతికించడమే నయం. పగలడానికి రింగు కారణం కాదు, పగలకుండా ఆపే మాట కూడా పూర్తిగా నమ్మలేం. కార్క్ మీద నేనూ బాబాయి పక్షమే.

లేత్_పని:
మీరంతా చదువుకున్నోళ్లు, లెక్కలు బాగున్నాయి, కానీ పెళ్లి మధ్యలో మనిషి మౌత్‌పీస్‌ని లోపలికి తోస్తాడు, బయటికి లాగుతాడు, అవతల గాయకుడి శ్రుతి మారితే మళ్లీ తోస్తాడు, చెమట చేతులు, తడి కార్క్, అప్పుడు ఎవడు చూస్తాడు కార్క్ మందం? మనిషి తప్పు చేస్తాడనే రింగు. ఇక దారం గురించి. వేణువు మీద దారం చూడ్డానికి ముద్దుగానే ఉంటుంది, సాక్సోఫోన్ మీద కట్టు కట్టినట్టుంటుంది. నా చేత వేయించుకోండని అనట్లేదు, ఎవరి చేతైనా వేయించుకోండి.

మూగ_సోప్రానో:
రింగు వేస్తే సౌండ్ మారుతుందని ఎవరూ అనలేదేంటి? షాంక్ చివర బరువు పెరిగితే టోన్ కాస్త మందమవుతుందని నాకు తెలిసినవాళ్లు గట్టిగా అంటారు.

టెక్సాస్_టెనర్:
లోపలి ఆకారం మారనంతవరకు నా చెవికి తేడా తెలియలేదు. మా ఆవిడ చేత కళ్లు మూసుకుని వినమన్నాను. "రెండూ ఒకేలా గోల చేస్తున్నాయి" అంది.

బ్యాండు_బాబాయి:
సౌండ్ మారేది రింగుతో కాదు, చీలికలోంచి గాలి పోతే. రీడ్ బిగించి, షాంక్ చివర అరచేతితో మూసి, గాలి గట్టిగా పీల్చి నోరు తీయి. రీడ్ ఒక క్షణం అతుక్కుని ఠప్‌మని వదలాలి. గాలి నిలవకపోతే చీలిక కారుతోందని అర్థం, రీడ్ సరిగా కూర్చోకపోయినా అంతే అనుకో, అందుకే రెండు రీడ్లతో చూడు. కార్క్ కప్పే మేర వరకే చీలిక ఉంటే పెద్దగా బాధ లేదు. కార్క్ దాటి మౌత్‌పీస్ లోపలి గాలి గదిలోకి పాకిందంటే కింది స్వరాలు పలకవు.

ఆల్టో_పిచ్చి:
బాబాయ్, చేశాను, ఠప్‌మంది. కార్క్ దాటలేదు.

కానీ ఇంకో సంగతి బయటపడింది, రాయడానికే సిగ్గుగా ఉంది. నిన్న పక్కింటి ఫిట్టర్ అన్నయ్య దగ్గర వెర్నియర్ తెచ్చి రెండు మౌత్‌పీసుల షాంక్ లోపలి కొలత తీశాను. పాతది 15.8 మి.మీ., కొత్తది 16.2. కార్క్ మార్పించిన రోజు నేను రిపేరు ఆయనకి ఇచ్చి వచ్చింది కొత్త మౌత్‌పీస్. ఆయన దానికి సరిగ్గా బిగుతుగా చేసి పెట్టాడు. నేను ఇంటికొచ్చి అదే కార్క్ మీద పాతదాన్ని తిప్పకుండా, గ్రీజు రాయకుండా, నిటారుగా కుక్కాను. ఆయన తప్పేం లేదు.

బ్యాండు_బాబాయి:
ఇప్పుడు అర్థమైందిగా. ఎమెరీ పేపర్ పట్టీలా కోసి కార్క్ చుట్టూ సమానంగా లాగు, ఒకేచోట కాదు. పాతదానికి సరిపడా వరకే, సగం సగం చూసుకుంటూ, ఎక్కువ తీస్తే మళ్లీ రాదు. కొంచెం కార్క్ గ్రీజు. మౌత్‌పీస్ తిప్పుతూ ఎక్కించు. వాయించడం అయ్యాక నెక్ మీదే వదిలేయకు, అలా వదిలితే కార్క్ అణిగిపోతుంది, తర్వాత వదులైందని మళ్లీ మందపు కార్క్ వేయిస్తావు, మళ్లీ మొదలు.

లేత్_పని:
అంటే ఒకే నెక్ మీద రెండు కొలతల మౌత్‌పీసులు. ఒకదానికి కార్క్ సరిచేస్తే రెండోది వదులు. ఇప్పుడు చెప్పండి రింగు అక్కర్లేదని.

ఆల్టో_పిచ్చి:
కార్క్‌ని పాతదానికే అరగదీశాను, చిన్న పట్టీతో అరగంట పట్టింది. కొత్తది పెట్టే రోజు కార్క్ మీద రెండు చుట్లు టెఫ్లాన్ టేపు వేసుకుంటా. పాతదాని పగుల్లోకి పల్చటి సూపర్ గ్లూ ఒక్క చుక్క వదిలాను, అదే లోపలికి పీల్చుకుంది. దాని మీద తరగకుండా తొడిగే రింగు వేయిస్తున్నా. కొత్తదాన్ని ఇప్పటికి లేత్ ఎక్కించను. అన్నా, ఆ తొడిగే రింగు మీరు చేస్తారా, పార్సిల్‌లో పంపితే?

లేత్_పని:
చేస్తాను. బయటి కొలత మూడు చోట్ల తీసి పంపండి, షాంక్ గుండ్రంగా ఉందని నమ్మొద్దు. టేపు మాత్రం వచ్చే పెళ్లిలో చెమటకి జారుతుంది, చూడండి.