మొదటి గెకో: లెపర్డా, క్రెస్టెడా?

తడిఆకు:
ఇంట్లో పెంచుకునే గెకో బల్లుల్లో, కొత్తవాళ్లకు లెపర్డ్ గెకో కన్నా క్రెస్టెడ్ గెకోయే నయమంటాను. గది 22–26 డిగ్రీల్లో ఉంటే వేడి సామాను అక్కర్లేదు. మేత పొడి ఒక వంతు, నీళ్లు రెండు వంతులు కలిపి సాయంత్రం పెట్టి మర్నాడు తీసేయడమే. లెపర్డ్‌కు జీవితాంతం పురుగులే, వాటికి మళ్లీ కాల్షియం పొడి అద్దాలి.

రాతిబిలం:
మేత విషయంలో మీ మాట నిజమేనండి. కానీ చిక్కంతా మీరన్న ఆ "ఉంటే"లోనే ఉంది. గది 28 దాటి రోజుల తరబడి అలాగే ఉంటే క్రెస్టెడ్ ప్రాణం మీదికొస్తుంది. గెకో ఉండే పెట్టెను వేడెక్కించడం తేలిక, చల్లబరచడమే కష్టం. లెపర్డ్‌కు ఒక చివర నేల 32–34, రెండో చివర 24–26 ఉంచితే తనకు కావాల్సిన చోటికి అదే పోతుంది. గదంతా ఉడికిపోతుంటే క్రెస్టెడ్ ఎక్కడికి పోతుంది?

తడిఆకు:
పెట్టె అడుగున వేడి కోసం పరిచే హీట్ మ్యాట్ వల్ల పొట్ట కాలిన లెపర్డ్‌ల సంగతో మరి?

రాతిబిలం:
వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ లేకపోతే కాలుతుంది, ఉన్నా వేడిని కొలిచే దాని ప్రోబ్‌ను గాల్లో వేలాడదీస్తే కాలుతుంది. గాలి అంత త్వరగా వేడెక్కదు కాబట్టి మ్యాట్ ఆగకుండా కాగుతూనే ఉంటుంది. ప్రోబ్‌ను సరిగ్గా మ్యాట్ పైనున్న నేలకు ఆనించి కదలకుండా బిగించాలి. మ్యాట్ కూడా నేలలో మూడో వంతు మించకూడదు, లేకపోతే చల్లటి చివరే మిగలదు.

కుబుసం:
ఇద్దరూ తేమ మాట ఎత్తలేదు. పొడి నేలల జంతువు కదా అని లెపర్డ్ పెట్టెను బొత్తిగా ఎండబెడతారు. కుబుసం వేళ్ల చుట్టూ ఉంగరంలా బిగుసుకుని, రక్తం ఆడక వేలు ఊడిపోతుంది. తడి నాచు నింపిన మూత డబ్బా ఒకటి, పక్కన రంధ్రం చేసి, లోపల పెట్టండి చాలు. అప్పటికే అతుక్కుంటే గోరువెచ్చని నీళ్లలో, కాళ్లు మునిగేంత లోతులో, 10–15 నిమిషాలు ఉంచి తడి దూదిపుల్లతో వేలి చివరి వైపు మెల్లగా దొర్లించాలి. పొడిగా ఉండగా లాగితే చర్మమే చిరుగుతుంది.

క్రెస్టెడ్‌కు దీనికి ఎదురు తప్పు చేస్తారు: రోజంతా నీళ్లు చల్లుతూనే ఉంటారు. తేమ రాత్రి 80 శాతం దాకా పెరిగి పగలు 50 దగ్గరికి దిగాలి, ఆరకపోతే బూజు పడుతుంది. ఇంకోటి, తోక వదిలేస్తే లెపర్డ్‌కు మళ్లీ మొలుస్తుంది, క్రెస్టెడ్‌కు మొలవదు. పిల్లలు చేతుల్లోకి తీసుకునే ఇంట్లో ఇది ముందే తెలియాలి.

తడిఆకు:
అయినా నా ఓటు క్రెస్టెడ్‌కే. కాకపోతే కొనకముందే, పెట్టె ఉంచబోయే చోట గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రత చూపే థర్మామీటర్ పెట్టి మండు వేసవిలో ఒక వారం చూడండి. 27 లోపే ఆగితేనే తెచ్చుకోండి.