ఇంజనీరింగ్ చదువులో జర్మన్ ఎ1: ఓపెన్ ఎలెక్టివ్‌గా తీసుకోవాలా, వద్దా?

మూడో_ఏడు_మెకానికల్:

నేను హైదరాబాదులోని ఒక విశ్వవిద్యాలయంలో మెకానికల్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. వచ్చే సెమిస్టరుకు ఎంచుకోవలసిన ఓపెన్ ఎలెక్టివ్‌ల జాబితాలో మూడు క్రెడిట్ల జర్మన్ తొలి స్థాయి (ఎ1; దాని తరువాత ఎ2, బి1, బి2 వస్తాయి) కోర్సు ఒకటి ఉంది. బి.టెక్. పూర్తయ్యాక జర్మనీలో ఇంగ్లీషు మాధ్యమంలో ఎం.ఎస్. చేయాలని అనుకుంటున్నాను కాబట్టి, ఆ భాష నేర్చుకోవాలా వద్దా అన్నది నా ప్రశ్న కాదు. దానిని విశ్వవిద్యాలయంలో, క్రెడిట్ల కోసం, మార్కుల భయంతో నేర్చుకోవడం తగినదేనా అన్నదే సందేహం. పాఠాలన్నీ ఇంగ్లీషులోనే ఉన్నప్పుడు జర్మన్ ఎందుకని కొందరు సీనియర్లు అంటున్నారు. కొత్త భాషలో మార్కులు తగ్గితే సిజిపిఎ పడిపోయి, అసలు సీటుకే ఎసరు వస్తుందని మరికొందరు భయపెడుతున్నారు. ఈ దారిలో నడిచినవారి అనుభవం తెలుసుకోవాలని ఉంది.

లెక్కల_పద్దు:

తీసుకోవద్దనే నా సలహా. అయితే మీ సీనియర్లు చెప్పిన కారణం వల్ల మాత్రం కాదు.

ముందు సిజిపిఎ భయం సంగతి చూద్దాం. బి.టెక్. మొత్తం 160 క్రెడిట్లు అనుకుంటే, మూడు క్రెడిట్ల సబ్జెక్టులో 9 రావలసిన చోట 6 వచ్చినా పోయేది తొమ్మిదిని 160తో భాగించినంత, అంటే దాదాపు 0.056. చాలా జర్మన్ విశ్వవిద్యాలయాలు మన మార్కులను సవరించిన బవేరియన్ సూత్రంతో తమ స్కేలులోకి (అక్కడ 1 అత్యుత్తమం, 4 కనీస ఉత్తీర్ణత) మార్చుకుంటాయి. గరిష్ఠం 10, ఉత్తీర్ణత 4 అయితే మన 8.0 అక్కడ 2.0 అవుతుంది, మన 7.0 అక్కడ 2.5 అవుతుంది. ఆ లెక్కన మీరు పోగొట్టుకునేది 0.028 మాత్రమే. సరిగ్గా గీత మీద నిలబడ్డవారికి తప్ప దీనివల్ల సీటు పోయేది లేదు.

నా అభ్యంతరం గంటల గురించి. ఒక క్రెడిట్‌కు 15 గంటల చొప్పున మూడు క్రెడిట్లకు 45 గంటల బోధన వస్తుంది. దానిని 45 నిమిషాల పాఠాలుగా విడగొడితే 60 పాఠాలు. ఎ1 పూర్తి కావడానికి 80 నుంచి 200 పాఠాలు పడతాయని, జర్మన్ నేర్పి పరీక్షలు పెట్టే గోథే సంస్థ అంచనా వేస్తుంది. మిడ్ పరీక్షలు, సెలవులు, టెక్నికల్ ఫెస్టు తీసేస్తే మీ 60 పాఠాల్లో మిగిలేవి ఎన్నో మీకే తెలుసు. కనీసపు అంచనాను కూడా అందుకోని కోర్సు పూర్తిచేసి 'ఎ1 అయిపోయింది' అనుకోవడం మనల్ని మనం మోసగించుకోవడమే. పైగా ఎ1 రుజువు అడిగిన చోట మీ మార్కుల మెమోను సాధారణంగా ఒప్పుకోరు. చదవడం, వినడం, రాయడం, మాట్లాడడం అనే నాలుగింటినీ పరీక్షించి, 100కు 60 వస్తే ఉత్తీర్ణత ఇచ్చే ఆ పరీక్షను మీరు ఎలాగూ విడిగా రాయాలి. అటువంటప్పుడు ప్రయాణానికి ఆరు నెలల ముందు బయట ఒక మంచి సంస్థలో ఏకాగ్రతగా నేర్చుకుంటే మరచిపోయే వ్యవధి కూడా ఉండదు.

రైన్_ఒడ్డున:

లెక్కల పద్దు గారి కూడికలు, భాగహారాలు తప్పు పట్టలేనివి. అయితే ప్రయాణానికి ముందు ఆరు నెలలు ఖాళీగా ఉంటాయన్న ఊహ దగ్గరే ఆయన పద్దు తేలిపోతుంది. ఆ ఆరు నెలలు నేను గడిపిన తీరు చెబుతాను. మన చదువు కాగితాలను సరిచూసి ఇచ్చే ఏపీఎస్ ధ్రువపత్రం కోసం కాగితాలు పంపడం, ఐఇఎల్‌టిఎస్, ఒక్కో విశ్వవిద్యాలయానికి ఒక్కో రకంగా దరఖాస్తులు, బ్లాక్డ్ అకౌంటు కోసం నాన్నగారితో బ్యాంకుల చుట్టూ తిరగడం (అక్కడి ఖర్చులకు ముందే డబ్బు జమచేసి చూపే ఖాతా అది, ఇప్పుడు ఏడాదికి 11,904 యూరోలు చూపాలి), వీసా అపాయింటుమెంటు కోసం ఎదురుచూపు. బంజారాహిల్స్‌లో ఒక సాయంకాలపు బ్యాచిలో డబ్బు కట్టి, పదకొండు రోజులు వెళ్లి మానేశాను.

అక్కడికి వెళ్లాక విశ్వవిద్యాలయపు భాషా కేంద్రంలోనే నేర్చుకోవచ్చనుకున్నాను. చాలామంది చెప్పే సలహా కూడా అదే. ఎ1 తరగతికి నమోదు తెరిచిన రోజున నేను ప్రయోగశాలలో ఉన్నాను. బయటకు వచ్చి చూసేసరికి సీట్లు నిండిపోయి, నా పేరు నిరీక్షణ జాబితాలో చేరింది. రెండో సెమిస్టరులో సీటు దొరికింది గానీ, ఆ తరగతి వేళకే నా ప్రధాన సబ్జెక్టు ఒకటి పడింది. అలా నాకు రావలసిన ఎ1 మూడో సెమిస్టరు దాకా రాలేదు.

ఈలోగా ఏం జరిగిందంటే, ఇల్లు మారిన రెండు వారాల్లో చిరునామా నమోదు చేయించుకోవాలన్న నియమం ప్రకారం నగర కార్యాలయానికి వెళ్లి, ఎదుటి ఉద్యోగిని మర్యాదగా అడిగిన మూడు ప్రశ్నల్లో ఒక్కటీ అర్థం కాక, చేతిలో ఉన్న కాగితాలన్నీ బల్ల మీద పరిచి నిలబడ్డాను. ఆమె తనకు కావలసినది తానే ఏరుకుంది. అద్దె ఒప్పందం మీద సంతకం పెట్టేటప్పుడూ అదే స్థితి. ఇంటి నుంచి వెళ్లేటప్పుడు గోడలకు సున్నం వేయించే బాధ్యత నాదేనన్న వాక్యం అందులో ఉందని ఏడాదిన్నర తరువాత తెలిసింది.

చదువుతూ పనిచేసే ఉద్యోగాల ప్రకటనల్లో, ముఖ్యంగా మన మెకానికల్ వారికి పనికొచ్చే మధ్యతరహా యంత్ర పరిశ్రమల్లో, భాష అడగనివి అరుదుగా కనబడ్డాయి. చదువు ముగిశాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలల అనుమతి ఇస్తారు. ఆ పద్దెనిమిది నెలల్లో భాషను మొదటి అక్షరం నుంచి మొదలుపెట్టినవారి అవస్థ దగ్గరగా చూశాను. అక్కడి డిగ్రీ ఉన్నవారు రెండేళ్లు తగిన ఉద్యోగం చేశాక స్థిర నివాసం కోరవచ్చు గానీ, దానికి బి1 కావాలి. బ్లూ కార్డు (ఉన్నత విద్య ఉన్న విదేశీ ఉద్యోగులకు ఇచ్చే నివాస అనుమతి) ఉన్నవారికి బి1 ఉంటే 21 నెలలు, ఎ1 మాత్రమే ఉంటే 27 నెలలు. మొదటి మెట్టు ఎక్కడో ఒకచోట ఎక్కక తప్పదు. మీ టైంటేబుల్‌లో దానికి ముందే గళ్లు గీసి, హాజరు పట్టి, మిమ్మల్ని కూర్చోబెట్టే ఏర్పాటు ఒక్క విశ్వవిద్యాలయంలోనే ఉంది. 75 శాతం హాజరు నిబంధనను తిట్టుకోని విద్యార్థి ఉండడు. నా మట్టుకు, ఆ పదకొండు రోజుల బ్యాచిలో అటువంటి నిబంధన ఉండి ఉంటే బాగుండేది.

లెక్కల_పద్దు:

రైన్ ఒడ్డున గారి బాధ అర్థమైంది. కానీ దానివల్ల తేలేది ముందుగా నేర్చుకోవాలన్నదే గాని, క్రెడిట్లకు నేర్చుకోవాలని కాదు. ఇంకొక మాట కూడా ఉంది. మాస్టర్స్ ప్రవేశంలో చాలా జర్మన్ విశ్వవిద్యాలయాలు మొత్తం మార్కులతో తృప్తిపడవు. గణితంలో ఎన్ని క్రెడిట్లు చదివారు, యంత్రశాస్త్రంలో ఎన్ని చదివారు అని పాఠ్యాంశాల వారీగా సరిచూస్తాయి. ఒక ఎలెక్టివ్ గడిని భాషకు ఇచ్చేస్తే, ఫైనైట్ ఎలిమెంట్ వంటి సబ్జెక్టు ఒకటి తగ్గిపోదా? సిజిపిఎలో 0.056 పోవడం కంటే ఇది పెద్ద నష్టం.

మూడో_ఏడు_మెకానికల్:

చిన్న వివరణ. మా నిబంధనల ప్రకారం ఓపెన్ ఎలెక్టివ్‌ను వేరే శాఖ నుంచే తీసుకోవాలి. ఫైనైట్ ఎలిమెంట్ ప్రొఫెషనల్ ఎలెక్టివ్‌ల జాబితాలో విడిగా ఉంది, దానిని ఎలాగూ తీసుకుంటున్నాను. జర్మన్‌కు పోటీగా ఉన్నవి విపత్తు నిర్వహణ, వ్యవస్థాపకత, డేటాబేసుల పరిచయం.

విభక్తి_పంతులు:

హైదరాబాదులో చాలా ఏళ్లుగా జర్మన్ బోధిస్తున్నాను. అందులో కొంతకాలం ఇంజనీరింగ్ విద్యార్థులకు చెప్పాను కాబట్టి, నా మాటలో కొంత స్వపక్షాభిమానం ఉంటుందని ముందే ఒప్పుకుంటున్నాను.

ఇక్కడ అందరూ గంటలు లెక్కపెట్టారు గాని, ఆ గంటల్లో ఏం చెబుతారని ఎవరూ అడగలేదు. మన తరగతుల్లో జర్మన్‌ను ఇంగ్లీషు మీదుగా చెబుతాం. అందువల్ల ఇంగ్లీషులో లేనిదల్లా విద్యార్థికి వింతగా తోస్తుంది. ఆ వింత తన ఇంటి భాషలోనే ఉందని గుర్తుచేసేవారు ఉండరు. 'మియర్ ఇస్ట్ కాల్ట్' అన్న వాక్యం తీసుకోండి. ఇంగ్లీషు దారిలో వచ్చిన విద్యార్థి దీనికి బదులు 'ఇష్ బిన్ కాల్ట్' అంటాడు. అలా అంటే తాను కఠినమైన మనిషినని చెప్పుకున్నట్టు ధ్వనిస్తుంది. తెలుగులో మనం 'నేను చలిని' అంటామా? 'నాకు చలిగా ఉంది' అంటాం. 'మియర్' అంటే అచ్చంగా మన 'నాకు'. 'ఆ ఇల్లు నాకు నచ్చింది' అన్నప్పుడు ఇల్లు కర్త, 'నాకు' అన్నది 'కు' చేరిన రూపం. 'దాస్ హౌస్ గెఫెల్ట్ మియర్' అన్న జర్మన్ వాక్యంలోనూ అంతే. జర్మన్ చతుర్థీ విభక్తి (డేటివ్) చెప్పేటప్పుడు నల్లబల్ల మీద ఈ రెండు వాక్యాలు పక్కపక్కన రాస్తే, పది నిమిషాలు పట్టవలసిన చోట రెండు నిమిషాలు సరిపోయిన రోజులు ఎన్నో ఉన్నాయి.

వాక్యంలో మాటల వరుస ఇంకా ముచ్చటైనది. 'నేను నిన్న గ్రంథాలయంలో ఒక పుస్తకం చదివాను' అన్న మాటను జర్మన్‌లో చెబితే, 'ఇష్ హాబె' అన్న మొదటి రెండు మాటల తరువాత నిన్న, గ్రంథాలయంలో, ఒక పుస్తకం, చదవడం అన్న వరుస మన వరుసే, క్రియ చివరికే చేరుతుంది. ఇంగ్లీషు మాతృభాషగా గలవారు ఆ చివరి క్రియ కోసం నెలల తరబడి తంటాలు పడతారు. సమాసాల సంగతీ అంతే. 'దాస్ హౌస్' అంటే ఇల్లు, నపుంసకం. 'డీ ట్యూర్' అంటే తలుపు, స్త్రీలింగం. రెండూ కలిసిన 'హౌస్‌ట్యూర్' ఏ లింగమని అడిగితే, తత్పురుషలో ఉత్తరపదానిదే ప్రాధాన్యమని పదో తరగతిలో చదువుకున్నవాడు వెంటనే స్త్రీలింగమని చెప్పగలడు. నువ్వు, మీరు అన్న తేడా మనకు పుట్టుకతో తెలుసు కాబట్టి 'డూ', 'జీ' అన్న సర్వనామాల దగ్గర మనం ఒక్క క్షణం కూడా ఆగనక్కరలేదు. మన విభక్తులు జర్మన్ చెవికి అంత పరాయివి కావనడానికి, 18వ శతాబ్దంలో మద్రాసులో ఉండి తెలుగు వ్యాకరణం రాసిన జర్మన్ మతబోధకుడు బెంజమిన్ షుల్జ్ ఒక సాక్షి. ఆయన పూనికతో జర్మనీలోని హాలె నగరంలో తెలుగు పుస్తకాలు అచ్చయ్యాయి.

అన్నీ ఉచితంగా రావు. చెంచా పుంలింగం, ఫోర్కు స్త్రీలింగం, చాకు నపుంసకం. దీనికి తర్కం లేదు, వల్లె వేయడమే. 'అమ్మాయి వచ్చింది, బస్సు వచ్చింది' అనే భాషలో పెరిగినందువల్ల అమ్మాయిని నపుంసకంగా చూపే 'మేడ్‌షెన్' మనకు మరీ విడ్డూరం కాకపోవచ్చు, అంతే. ఉచ్చారణ అంతకంటే కష్టం. 'ఊ' అనేటప్పటిలా పెదవులు గుండ్రంగా చుట్టి, లోపల 'ఈ' పలకాలి. మనకు ఆ ధ్వని లేదు, దానికి తెలుగు లిపిలో అక్షరమూ లేదు. ఇందాక నేను 'ట్యూర్' అని రాసినది కూడా సర్దుబాటే. ఫోనులో ఆడుకునే యాప్ మీ పెదవులను చూడదు. ఎదురుగా నిలబడి, 'ఇంకా చుట్టు, నాలుక కదపకు' అని చెప్పే మనిషి కావాలి. మొదటి నలభై గంటల్లో దిద్దని ఉచ్చారణను తరువాత నాలుగు వందల గంటల్లోనూ దిద్దలేకపోయిన సందర్భాలు నాకు తెలుసు.

అందువల్ల నా షరతు ఒక్కటే. తరగతిలో అరవై మంది ఉండి, పరీక్ష అంతా ఖాళీలు పూరించడమే అయి, మౌఖిక పరీక్ష లేకపోతే తీసుకోకండి. ఆ కోర్సులో నేర్చుకునేది జర్మన్ కాదు, జర్మన్ గురించిన సమాచారం. ముప్పై మందిలోపు ఉండి, ప్రతివారం ఒక్కొక్కరి చేత నోరు తెరిపించే గురువు ఉంటే, లెక్కల పద్దు గారు చెప్పిన 60 పాఠాలు చాలకపోయినా వృథా కావు.

నర్సు_తమ్ముడు:

మా అక్క నర్సుగా జర్మనీ వెళ్లింది. ఆమెకు బి2 కావలసి వచ్చింది కాబట్టి, ఉద్యోగం మానుకుని ఉదయం నుంచి సాయంత్రం దాకా నెలల తరబడి అదే పనిగా చదివింది. ఇంట్లో ఫ్రిజ్ మీద, అద్దం మీద, చివరికి బియ్యం డబ్బా మీద కూడా లింగాలతో చీటీలు ఉండేవి. దానితో పోల్చి చూస్తే వారానికి మూడు గంటలతో భాష వస్తుందని అనడం నాకు కొంచెం నవ్వు తెప్పిస్తోంది. అయితే అక్కను అడిగితే ఆమె వేరేగా చెప్పింది. డిగ్రీలో ఉన్నప్పుడు ఎవరైనా ఎ1 చెప్పి ఉంటే, మొదటి రెండు నెలల ఏడుపు తప్పేదట.

లెక్కల_పద్దు:

పంతులు గారి షరతును నేను అంగీకరిస్తున్నాను. అది నా వాదానికి దగ్గరగానే ఉందనుకుంటున్నాను. ముప్పై మందిలోపు విద్యార్థులతో, మౌఖిక పరీక్షతో ఓపెన్ ఎలెక్టివ్ నడిపే కళాశాల మీలో ఎందరికి తెలుసు?

రైన్_ఒడ్డున:

అటువంటిది ఉందో లేదో కనుక్కోవడం ఒక మధ్యాహ్నపు పని. మూడో ఏడు గారు ముందు ఆ పని చేయాలి.

మూడో_ఏడు_మెకానికల్:

కనుక్కున్నాను. ఇప్పటికి నమోదైనవారు నలభై ఒక్క మంది. కిందటి ఏడాది ప్రశ్నపత్రం చూశాను. పంతులు గారు భయపడినట్టే సగానికి పైగా ఖాళీలు పూరించడమే. అయితే అంతర్గత మార్కుల్లో పది మౌఖిక పరీక్షకు ఉన్నాయి, దానిని ఒక్కొక్కరికి విడిగా పెడతానని అధ్యాపకురాలు చెప్పారు. సిలబస్ ద్వితీయా విభక్తితో ఆగిపోతుంది, చతుర్థి దాకా రాదు. 'మియర్ ఇస్ట్ కాల్ట్' ఎప్పుడు వస్తుందండీ అని అడిగాను. ఆవిడ నవ్వి, ఆఖరి వారంలో సమయం మిగిలితే అన్నారు. నమోదు చేసుకున్నాను. ఎ1 పరీక్షకు నాలుగో సంవత్సరం మొదట్లో విడిగా కూర్చుంటాను. మిగిలిన పాఠాలు ఎక్కడ చెప్పించుకోవాలన్నది ఇప్పటి నుంచే వెతుకుతున్నాను.

లెక్కల_పద్దు:

నలభై ఒకటి అన్నారు కాబట్టి ఇంకా వద్దనే అంటాను. అయినా నమోదు చేసుకున్నారు కనుక, మిడ్ పరీక్షలయ్యాక ఎన్ని పాఠాలు నిజంగా జరిగాయో లెక్కపెట్టి ఇక్కడే రాయండి.