"అచ్చు గుద్దినట్టు" అనే మాట స్కేల్ మోడల్ కారుకు నప్పుతుందా?

ఇరుసు:
ప్లాస్టిక్ కారు కిట్టు (విడిభాగాలు అతికించి చిన్న నమూనా కారు కట్టుకునే పెట్టె) మీద సమీక్షలో "బాడీ అచ్చు గుద్దినట్టు అసలు కారులాగే ఉంది" అని రాస్తే, కిట్లు కట్టేవాళ్ల చెవికి అదోలా వినిపిస్తుంది. కిట్టు ఎలాగూ అచ్చులోంచి వచ్చిందే కదా, అందులో మెచ్చుకోలు ఏముంది? ఇదొకటి. రెండోది: బాడీలో తప్పులు సరిచేయడాన్నీ, కావాలని కారు రూపం మార్చడాన్నీ "మాడిఫికేషన్" అనే ఒకే గాటన కట్టేస్తున్నాం. ఈ రెండు పనులకూ తెలుగులో వేర్వేరు మాటలు ఉండొద్దూ? నిఘంటువు తిరగేసేవాళ్లూ, బ్లేడు పట్టేవాళ్లూ చెప్పండి.

నిఘంటుపురుగు:
ముందు ఒక చిక్కు విప్పుకుందాం. అచ్చు వేరు, అచ్చం వేరు. "అచ్చు గుద్దినట్టు"లో ఉన్నది ముద్ర, మూస అనే అర్థమున్న అచ్చు. "అచ్చంగా వాళ్ల నాన్నే", "అచ్చ తెలుగు" అన్నప్పుడు ఉన్నది కల్తీ లేని అనే అర్థమున్న అచ్చ, సంస్కృతంలోని అచ్ఛకు చుట్టం. (ఫలానా కిట్టు అచ్చిరాలేదు అనేది మూడో మాట, దాని గొడవ ఇక్కడ వద్దు.) పోలిక చెప్పేటప్పుడు మొదటి రెండూ ఒకదాని చోట ఒకటి వాడేస్తాం కాబట్టి తేడా మరుగునపడింది.

ఇక గుద్దడం. ముద్ర గుద్దుతాం. అంటే ఉన్న సరుకు మీద గట్టిగా నొక్కి రూపం తేవడం. కరిగించి పోసేదానికి మనకు పోత అనే మాట వేరే ఉంది. ప్లాస్టిక్ కరిగి అచ్చులోకి పోతుంది కాబట్టి కిట్టు గుద్దిన సరుకు కాదు, పోత సరుకు. మాట ప్రకారం చూస్తే ఇరుసు గారి అనుమానం సబబే.

ఆకురాయి:
నిఘంటుపురుగు గారు తెలియకుండానే అసలు కీలకం పట్టుకున్నారు. గుద్దినది అసలు కారు, పోసినది మన కిట్టు. తేడాలన్నీ అక్కడే పుడతాయి.

కారు బాడీ రేకును ప్రెస్సులో గుద్దుతారు. మందం దాదాపు 0.8 మి.మీ. మన కిట్టు 1:24 నిష్పత్తిది, అంటే అసలు కారులో 24వ వంతు అనుకుని, దాన్ని 24తో భాగిస్తే 0.03 మి.మీ. అంత పలచగా ప్లాస్టిక్ పోయడం కుదరదు, కిట్టు గోడ 1 నుంచి 1.5 మి.మీ. ఉంటుంది. తిరిగి 24తో గుణించండి: 24 నుంచి 36 మి.మీ. అది కారు రేకు కాదు, యుద్ధ ట్యాంకు కవచం. వీల్ ఆర్చ్ (చక్రం పైన బాడీలో ఉండే వంపు) అంచుల్లో, కిటికీ చట్రాల్లో, తెరిచి పెట్టే బానెట్ అంచులో ఈ మందం కొట్టొచ్చినట్టు కనపడుతుంది.

గోడంతా పలచన చేయక్కర్లేదు, కంటికి కనపడే అంచు చాలు. లోపలివైపు అంచు 45 డిగ్రీల ఏటవాలు తేలేలా, బ్లేడును ఆ వాలుకు నిలువుగా పట్టి గీకాలి. కోయకూడదు. అంచు 0.3 మి.మీ.కి రాగానే ఆపేయాలి. వెనక నుంచి దీపం పెడితే ప్లాస్టిక్ ఎర్రగానో తెల్లగానో మెరవడం మొదలైందంటే హద్దు దగ్గరికి వచ్చినట్టే. ఆ తర్వాత వేలితో తాకినా అంచు అలలు తిరుగుతుంది. వీల్ ఆర్చ్ గుండ్రం పోకుండా ఉండాలంటే, ఆర్చ్ కంటే కాస్త చిన్న వ్యాసం ఉన్న గొట్టానికి 400 నంబరు గరుకు కాగితం చుట్టి రుద్దాలి. వేలికి చుట్టి రుద్దితే మధ్యలో గుంట పడుతుంది.

అచ్చు గురించి ఇంకో మాట. కిట్లు పోసే ప్లాస్టిక్, అంటే పాలీస్టైరీన్, చల్లారాక 0.4 నుంచి 0.7 శాతం కుంచించుకుపోతుంది. 100 మి.మీ. భాగం కావాలంటే అచ్చును 100.4–100.7 మి.మీ.కి చెక్కాలి. భాగం అచ్చులోంచి ఊడిరావడానికి నిలువు గోడలకు ఒకటి రెండు డిగ్రీల వాలు ఇవ్వాలి. అందుకే లోతుగా ఉండాల్సిన గ్రిల్లు గాట్లు అడుగుకు వచ్చేసరికి ఇరుకైపోతాయి. అంటే అచ్చులో ఉన్న కొలత భాగానిది కాదు, భాగం వాలు కారుది కాదు. "అచ్చు గుద్దినట్టు" ఒక కిట్టు ఇంకో కిట్టులా ఉందనడానికి పనికొస్తుంది, కారులా ఉందనడానికి కాదు.

లప్పం:
అయితే మాట కోసం వెతికే ముందు కాలిపర్ (మిల్లీమీటరులో వంతులు కూడా కొలిచే పరికరం) తీయండి. ఫోక్స్‌వాగన్ బీటిల్ మంచి పరీక్ష. ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసుకు 2400 మి.మీ. 1:24లో సరిగ్గా 100, 1:25లో 96 మి.మీ. రావాలి. పెట్టె మీద ఏ నిష్పత్తి అచ్చేసినా చక్రాల నడిమి దూరం అబద్ధం చెప్పదు. ఆ తర్వాత టైరు వ్యాసం, ఆ తర్వాత బాడీ వెడల్పు. పొడవు చివరన చూడండి, ఎందుకంటే బంపర్లతో కలిపి కొలిచారా లేదా అన్న చోట లెక్కలు తప్పుతాయి.

ట్రక్కుల్లో ఈ తేడా ఇంకా బాధపెడుతుంది. అమెరికా కిట్లలో 1:25 ఎక్కువ, యూరప్, జపాన్ కిట్లలో 1:24 ఎక్కువ. రెండింటి మధ్య తేడా 4 శాతమే కదా అని ఒకదాని క్యాబిన్ ఇంకోదాని చాసీ మీద పెడతారు. అమెరికా భారీ ట్రక్కు చాసీ రెండు పట్టీల బయటి అంచుల మధ్య మామూలుగా 34 అంగుళాలు, అంటే 864 మి.మీ. ఇది 1:24లో 36, 1:25లో 34.6. ఆ 1.4 మి.మీ. దగ్గరే క్యాబిన్ కింది బ్రాకెట్లు కూర్చోవు. 22.5 అంగుళాల రిమ్ముకు వేసే 11ఆర్ సైజు టైరు దాదాపు 1054 మి.మీ. ఎత్తు, 1:24లో 43.9, 1:25లో 42.2. పక్కపక్కన పెడితే ఒక చక్రం బరువుకు కుంగిన ట్రక్కుదిలా ఉంటుంది. ఇంజిన్, సీట్లు, అద్దాలు కలిపితే ఎవరూ పట్టుకోలేరు. చక్రాలూ, తలుపు ఎత్తూ కలపొద్దు.

పట్టకారు:
లప్పం గారూ, కొలతలన్నీ కుదిరినా మొహం తేడా కొట్టే కిట్లు ఉంటాయండీ. పైకప్పు వంపు అర మిల్లీమీటరు చదునైతే చాలు, కాలిపర్‌కు చిక్కదు, కంటికి చిక్కుతుంది. తెలుగులో దీనికి "పోలిక" అనే మాట ఉండనే ఉంది. బిడ్డకు తండ్రి పోలిక వచ్చిందంటే ముక్కు కొలిచి చెప్పం కదా. కొలత కుదరడం ఒకటి, పోలిక రావడం ఇంకొకటి. సమీక్షలో రెండూ విడివిడిగా రాయాలి.

పోలిక చూసే పద్ధతి కూడా ఒకటుంది. కారును 5 మీటర్ల దూరం నుంచి, నిలబడ్డ మనిషి కంటి ఎత్తులో తీసిన ఫొటోతో పోల్చాలంటే, 1:24 మోడల్‌ను 208 మి.మీ. దూరం నుంచి, నేల మీద నుంచి 65 మి.మీ. ఎత్తులో తీయాలి. చాలామంది ఫోన్‌ను అరచేయి దూరంలో పెట్టి పై నుంచి తీసి, "బానెట్ ఉబ్బింది, తోక సన్నగిల్లింది" అని తీర్పు చెప్పేస్తారు. అది లెన్సు తప్పు. పాపం కిట్టుకు అంటగడతారు.

ఇరుసు:
కొలత, పోలిక. బాగుంది. మరి రెండో ప్రశ్న?

నిఘంటుపురుగు:
దానికి దిద్దడం, మార్చడం అనుకుంటున్నాను. తప్పు దిద్దుతాం, దారి మారుస్తాం. దిద్దినప్పుడు మనసులో ఒక ఒప్పు ఉంటుంది, దాని దగ్గరికి తెస్తాం. మార్చేటప్పుడు ఉన్నదాన్ని వదిలి ఇంకోవైపు పోతాం. "సవరణ" కూడా ఉంది గానీ అది కాగితాల వాసన వేస్తోంది.

ఆకురాయి:
దిద్దడం! పలక మీద గురువు రాసిన అక్షరం మీదే మళ్లీ మళ్లీ బలపంతో రాయడాన్ని కూడా దిద్దడమే అంటాం. తలుపు గీతల మీద చేసే పని సరిగ్గా అదే.

కిట్లలో తలుపు, బానెట్ సందుల గీతలు అచ్చులోనే పడి ఉంటాయి. కానీ లోతు తక్కువ. ప్రైమరు (రంగు కింది పూత), రంగు, క్లియర్ (పైన వేసే పారదర్శక పూత) వేసేసరికి పూడిపోతాయి. రంగుకు ముందే లోతు చేయాలి. గీకే పరికరం, లేదా బ్లేడు మొనను తిరగేసి వీపుతో, ఉన్న గీతలోనే బరువు వేయకుండా లాగాలి. మొదటి నాలుగైదు లాగుళ్లకు ఏమీ రాదు, రాకూడదు కూడా. ఆత్రపడి నొక్కితే మొన గీత దాటి డోరు మీదకు జారిపోతుంది. వంపుల దగ్గర రెండు వైపుల నుంచి మధ్యకు లాగాలి, ఒకే లాగుడుకు తిప్పొద్దు. గీత పక్కన గట్టి టేపు రెండు మూడు పొరలు అంటిస్తే దారి తప్పదు. ఎంత వెడల్పు? అసలు సందు 4–5 మి.మీ. అనుకుంటే 1:24లో 0.2. చాలా కిట్ల గీతలు అంతకంటే వెడల్పే, కాబట్టి లోతు పెంచండి, వెడల్పు పెంచొద్దు.

జారిన గీతను సైనో జిగురుతో (సూపర్ గ్లూ రకం) పూడ్చి, గంటలోపే రుద్దేయాలి. మర్నాటికి వదిలేస్తే జిగురు ప్లాస్టిక్ కంటే గట్టిపడి, చుట్టూ ఉన్నది అరుగుతుంది, అది మాత్రం గడ్డలా మిగులుతుంది. మామూలు లప్పం (మీరు కాదు, డబ్బాలోది) అయితే తద్భిన్నం. పలచని పొరలుగా వేసి, పొరకు ఒక రోజు ఆరనివ్వాలి. తొందరపడితే రంగు వేశాక కుంగుతుంది.

లప్పం:
నా పేరు మీద జోకులు చాలు, మార్చడం సంగతి నేను చెబుతాను. కిట్టు పెట్టెలోనే మార్పును పెట్టి అమ్మడం కొత్తదేమీ కాదు. 1958లో అమెరికా కిట్ల కంపెనీ ఏఎంటీ "త్రీ ఇన్ వన్" కిట్లు తెచ్చింది: ఒకే బాడీని షోరూం కారుగానో, సొంత రుచికి మార్చిన కస్టమ్ కారుగానో, రేసు కారుగానో కట్టుకోవచ్చు.

పైకప్పు కోసి దించడం తీసుకోండి. 4 అంగుళాలు దించాలంటే 1:25లో 4.06 మి.మీ. మాస్కింగ్ టేపును 4 మి.మీ. పట్టీలుగా కోసి, కిటికీల మధ్య కప్పును మోసే స్తంభాల చుట్టూ అంటించి, పై అంచునా కింది అంచునా సన్న రంపంతో కోస్తే ముక్క ఊడుతుంది. దానికి ముందు బాడీ అడుగున, రెండు పక్కలా తలుపుల కింద ఉండే గుమ్మాల మధ్య ఒక పుల్ల అడ్డంగా అంటించండి, లేకపోతే పైకప్పు ఊడగానే బాడీ విచ్చుకుంటుంది. చిక్కు ఎక్కడంటే, స్తంభాలు నిలువుగా ఉండవు. ముందు స్తంభం నేలతో 60 డిగ్రీలు ఉంటే, కప్పును తిన్నగా దించినప్పుడు పై కొస కింది మొదలుకు 2.3 మి.మీ. వెనక పడుతుంది. వెనక స్తంభం 45 డిగ్రీలైతే అక్కడ 4 మి.మీ. ముందుకు పడుతుంది. మొత్తం 6.3 మి.మీ. అందుకే కప్పును నడిమికి అడ్డంగా కోసి, అంత వెడల్పు ప్లాస్టిక్ పట్టీ ఇమడ్చాలి. స్తంభాలను వంచి అతికించేస్తే పోతుందిలే అనుకుంటే, నెల తిరిగేలోపు అతుకు దగ్గర వెంట్రుక లాంటి పగులు రంగులోంచి పైకి వస్తుంది. ముందు అద్దం పగలకుండా కత్తిరించే ఆశ వదులుకోండి. టేపుతో నమూనా తీసి 0.25 మి.మీ. పారదర్శక షీటులోంచి కొత్తది కోయండి. సైనో వాడితే అద్దానికి పొగ పడుతుంది.

ట్రక్కు చాసీ పొడిగించేటప్పుడు పట్టీలను తిన్నగా కోయకుండా మెట్టులా కోసి, లోపలివైపు ప్లాస్టిక్ పట్టీ తాపడం పెట్టాలి. రెండు పట్టీల కోతలు ఒకే చోట పడకూడదు, పడితే చాసీ అక్కడే మెలితిరుగుతుంది.

పట్టకారు:
తాపడం ఇక్కడ కాదండీ, అది దన్ను. తాపడం అంటే పైన లోహపు రేకు పొదగడం. దాన్ని క్రోమ్ రేకుకు (బాడీ మీద అంటించే పలచని మెరుపు లోహపు రేకు) దాచుకుందాం, అంత చక్కగా అతికే మాట ఇంకోటి దొరకదు.

బాడీ మీద పోతలో వచ్చిన కంపెనీ పేరు అక్షరాల సంగతే చూడండి, కుంచెతో వెండి రంగు పూస్తే ఎప్పుడూ మొద్దుబారతాయి. ప్రైమరుకు ముందే అక్షరాల మీద క్రోమ్ రేకు తాపి, దూదిపుల్లతో నొక్కి, చుట్టూ కత్తిరించాలి. దాని మీదే ప్రైమరు, రంగు వేయాలి. రంగు ఆరాక, థిన్నరు తడిపి దాదాపు పిండేసిన గుడ్డను వేలికి బిగించి, అక్షరాల తలల మీద మాత్రం రుద్దితే రంగు పోయి కింది లోహం బయటపడుతుంది. గుడ్డ మెత్తగా వదులుగా ఉంటే అక్షరాల మధ్యకు దిగి అక్కడి రంగు కూడా లేచిపోతుంది. ఇది క్లియర్ కోటుకు ముందే అయిపోవాలి.

ఇరుసు:
సరే, వాక్యం మార్చాను: "పోత శుభ్రంగా ఉంది. కొలతలు ఖచ్చితంగా 1:24కు కుదిరాయి, ముందు మొహంలో పోలిక కాస్త తప్పింది, వీల్ ఆర్చ్‌లు దిద్దుకోవాలి."

నిఘంటుపురుగు:
బాగుంది. "కచ్చితంగా" అని రాయండి, క-కు ఒత్తు అక్కర్లేదు.

ఆకురాయి:
ఇదీ దిద్దడమే.