యుద్ధ సినిమాలో ఎంతవరకు కల్పించవచ్చు?

చరిత్ర_విద్యార్థి:
1971 డిసెంబరు 4వ తేదీ అర్ధరాత్రి దాటాక రాజస్థాన్ ఎడారిలోని లోంగేవాలా సరిహద్దు పోస్టు మీదికి పాకిస్తాన్ ట్యాంకులు వచ్చాయి. అక్కడ ఉన్నది మేజర్ కుల్దీప్ సింగ్ చాంద్‌పురీ కింద 23 పంజాబ్ అనే పదాతి దళానికి చెందిన సుమారు 120 మంది. జైసల్మేర్‌లోని మన వాయుసేన హంటర్ యుద్ధ విమానాలకు రాత్రిపూట దాడి చేసే ఏర్పాటు లేదు. కాబట్టి తెల్లారేదాకా పోస్టు వదలకుండా ఉండాలి. ఉన్నారు. వెలుతురు రాగానే విమానాలొచ్చి ఇసుకలో చిక్కుకున్న ట్యాంకుల పని పట్టాయి. మన వైపు పోస్టులో చనిపోయింది ఇద్దరే.

ఈ పోరు మీద 1997లో వచ్చిన హిందీ సినిమా ‘బోర్డర్’ మాత్రమే చూసినవాళ్లు ఈ చివరి మాట నమ్మరు. అందులో ముఖ్య పాత్రలు ఒకదాని తర్వాత ఒకటి నేలకొరుగుతాయి. సునీల్ శెట్టి వేసిన భైరోం సింగ్ కూడా చనిపోతాడు. ఆ పాత్రకు మూలమైన బీఎస్‌ఎఫ్ జవాను మాత్రం 2022 డిసెంబరు వరకు బతికే ఉన్నారు. తెర మీద తన చావు చూపించాక ఆయన మరో పాతికేళ్లు జీవించారు.

బ్యాడ్జీ తప్పు, ట్యాంకు మోడల్ తప్పు అనే లెక్కలు నాకు పెద్దగా పట్టవు. కానీ ఆ రాత్రి గొప్పతనమంతా అంత తక్కువమందిని పోగొట్టుకుని పోస్టు నిలబెట్టడంలోనే ఉంది కదా! ప్రాణం పోతేనే వీరుడు అన్నట్టు చూపిస్తే, తన మనుషుల్ని బతికించుకున్న కమాండర్ చేసిన పనికి విలువ ఎక్కడ మిగిలింది? దీన్ని వినోదం కోసం చేసిన చిన్న మార్పు అని నేను అనుకోలేను.

సెకండ్‌షో:
మీ బాధ అర్థమైంది కానీ ఒప్పుకోను. ఆ సినిమా రాకపోతే లోంగేవాలా పేరు మనలో ఎంతమందికి తెలిసేది? పాఠ్యపుస్తకంలో ఒక లైను కూడా ఉండదు. సినిమా చూసి ఏడ్చినవాళ్లలో పదిమంది వెళ్లి అసలు కథ చదివినా లాభమే.

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా నౌకా స్థావరం పెర్ల్ హార్బర్ మీద జపాన్ చేసిన దాడినే తీసుకోండి. 1970లో ‘టోరా! టోరా! టోరా!’ సినిమా అమెరికా వైపు, జపాన్ వైపు రెండూ జాగ్రత్తగా చూపించింది. అమెరికాలో అది అనుకున్నంత ఆడలేదు. అదే దాడికి 2001లో ప్రేమకథ జోడించి తీస్తే చరిత్రకారులు తిట్టినా జనం చూశారు. అంత డబ్బు పెట్టి తీసేవాళ్లకు టెన్షన్ ఉండదా? రాత్రంతా కందకాల్లో కూర్చుని ఎదురుచూడటం చూపిస్తే ఎంతమంది కూర్చుంటారు?

నీటిఅడుగున:
అసలు ఏం జరిగిందో తేలని చోట ఏం చేయాలి? పాకిస్తాన్ జలాంతర్గామి పీఎన్ఎస్ ఘాజీ 1971 డిసెంబరు మొదటివారంలో విశాఖపట్నం దగ్గర మునిగిపోయింది. అందులో ఉన్నవాళ్లెవరూ మిగల్లేదు. మన యుద్ధనౌక ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీల (నీటి లోపల పేలే బాంబుల) వల్లే అని మన నౌకాదళం అంటుంది. లోపలి పేలుడు లేదా అది సముద్రంలో పెట్టిన సొంత మైన్ల వల్లే అని పాకిస్తాన్ అంటుంది. 2017లో వచ్చిన ‘ఘాజీ’ ఈ రెండూ కాకుండా మన జలాంతర్గామికీ దానికీ నీటి కింద పోరాటం పెట్టింది. రెండు దేశాల నౌకాదళాలూ చెప్పని కథ అది. అయినా మొదట్లోనే కల్పితమని రాశారు కాబట్టి నాకు పెద్ద అభ్యంతరం కనిపించలేదు. చరిత్ర_విద్యార్థి గారూ, మీరు దీన్ని కూడా తప్పంటారా?

చరిత్ర_విద్యార్థి:
అంటాను, కానీ ‘బోర్డర్’ అంత కాదు. సాక్షులే లేని చోట ఊహకు కొంత చోటు ఉంటుంది. అయితే రాజ్‌పుత్ సిబ్బంది వైపు నుంచి కూడా ఒకసారి ఆలోచించండి. మన నౌకాదళం వాళ్లదని చెప్పే పని సినిమాలో మరొకరి ఖాతాలోకి పోయింది.

కల్పితమని రాస్తే సరిపోతుందనే మాట మాత్రం ఒప్పుకోను. 2000లో వచ్చిన ‘యు-571’లో జర్మన్లు రహస్య సందేశాలకు వాడిన ఎనిగ్మా యంత్రాన్ని అమెరికన్ నావికులు చేజిక్కించుకుంటారు. నిజానికి బ్రిటిష్ నౌక బుల్‌డాగ్ సిబ్బంది 1941 మేలోనే యు-110 అనే జర్మన్ జలాంతర్గామి నుంచి దాన్ని పట్టుకున్నారు. అప్పటికి అమెరికా యుద్ధంలోకి దిగనే లేదు. సినిమా చివర బ్రిటిష్ నౌకాదళం పేరు వేశారు. అప్పటికే జనం లేచి వెళ్తుంటారు! బ్రిటన్ పార్లమెంటులో దీని మీద మాట్లాడాల్సి వచ్చింది. రచయితల్లో ఒకరైన డేవిడ్ అయర్ తర్వాత అది వక్రీకరణేనని స్వయంగా ఒప్పుకున్నారు.

సెకండ్‌షో గారూ, నిజం చూపిస్తే బోరు కొడుతుందన్నారు. 1942 అక్టోబరులో మధ్యధరా సముద్రంలో మునిగిపోతున్న మరో జర్మన్ జలాంతర్గామి యు-559 లోకి ఫాసన్, గ్రేజియర్ అనే ఇద్దరు బ్రిటిష్ నావికులు దిగి కోడ్ పుస్తకాలు పైకి అందించారు. జలాంతర్గామితో పాటే మునిగిపోయారు. వాళ్లతో వెళ్లిన క్యాంటీన్ కుర్రాడు టామీ బ్రౌన్, 16 ఏళ్లవాడు, బయటపడ్డాడు. దీనికి ఇంకేం కల్పించాలి?

పది రోజుల్ని ఒక రాత్రిగా కుదించండి, ముగ్గురు సైనికుల్ని ఒక పాత్రగా కలపండి, మాటలు రాసుకోండి. ఒకరు చేసిన పనిని మరొకరి ఖాతాలో వేయాలన్నా, బతికున్నవాణ్ని చంపాలన్నా అసలు పేర్లు వాడకండి.

సెకండ్‌షో:
టామీ బ్రౌన్ సంగతి నాకు తెలియదు. అది తెర మీద చూడాలని నాకూ ఉంది. కానీ పేర్లు మార్చమంటే ఒప్పుకోను. పేరు మారిస్తే లోంగేవాలా జవాన్ల సంగతి ఈ మాత్రం కూడా జనంలోకి వెళ్లేది కాదు.