కొర్రమీను పోవాలంటే ఇప్ప చెక్కా, బ్లీచింగా?

గట్టుమీద_గౌరి (పర్లాకిమిడి దగ్గర): పంచాయతీ చెరువు మా సంఘం లీజుకు తీసుకుంది. ఎకరం, మీటరు నీళ్లు. నాలుగుసార్లు వల లాగినా మార్పు చేపలు, కొర్రమీనులు బురదలో నక్కుతున్నాయి. బొచ్చె పిల్లలు వదిలేముందు ఏం వెయ్యాలి?

గుణుపూర్_తాత: ఇప్ప చెక్క, అదే ఇప్పగింజల నూనె తీశాక మిగిలే పిండి, ఇంకేం లేదమ్మా. ఆ నీళ్లకి టన్ను పడుతుంది. ముందురోజు నానబెట్టి చెరువంతా చల్లి, వల లాగండి. అందులోని సపోనిన్ అనే విషం మొప్పల్లోంచి వెళ్లి రక్తకణాల్ని పగలగొడుతుంది. చచ్చిన చేప తినొచ్చు, తర్వాత చెక్కే ఎరువవుతుంది. 21 రోజులాగి పిల్లల్ని వదలండి.

జయపురం_బుల్లోడు: టన్ను మోసేదెవరు తాతా? బ్లీచింగ్ 140 కిలోలు చాలు, వారంలో విషం పోతుంది. ముందురోజు 40 కిలోల యూరియా చల్లితే బ్లీచింగ్ 70కే సరి.

గుణుపూర్_తాత: ఆ బ్లీచింగ్ నాకు చెప్పకు. దుకాణంవాడు ఎప్పుడో విప్పిన బస్తా అంటగట్టాడు, ఘాటు లేదు, ఒక్క చేప చావలేదు. నా పిల్లలన్నీ కొర్రమీను పొట్టలోకే.

జయపురం_బుల్లోడు: తప్పు బస్తాది. మరి నువ్వు చెక్క వేసి పదో రోజునే పిల్లల్ని వదిలి చంపుకోలేదూ? పోయినేడు నువ్వే రాశావు.

గుణుపూర్_తాత: అందుకేరా 21 అంటున్నా!

వానకాలం: నీళ్లు తోడేసి నేల బీటలిచ్చేదాకా ఎండబెడితే పోలా.

గట్టుమీద_గౌరి: గొడ్లు ఎక్కడ తాగాలండీ?

కాశీపురం_చెల్లి: గొడ్ల సంగతి అడిగారు, మనుషుల సంగతో? మా ఊళ్లోనూ ఇలాగే లీజన్నారు. మా అమ్మ గేలంతో నాలుగు మార్పులు, గుప్పెడు పరిగెలు తెస్తే ఆ పూటకి మాకు అదే కూర. లీజు కాగితం వచ్చాక గట్టెక్కనివ్వలేదు. అక్కర్లేని చేపలట, ఎవరికి అక్కర్లేదు?

జయపురం_బుల్లోడు: లీజు డబ్బు మీ అమ్మ కడుతుందా? కొర్రమీనుని ఉంచితే వేలెడు పిల్ల కూడా మిగలదు.

కాశీపురం_చెల్లి: ఉంచమనలేదు. చంపినవి ఎవరి గంపలోకి వెళ్తాయని అడుగుతున్నా.

గట్టుమీద_గౌరి: నిజానికి మా సంఘంలో గొడవా అదే, ఇక్కడ చెప్పడానికి మొహమాటపడ్డా. సగంమంది అమ్ముదామంటున్నారు, నేను ఇంటింటికీ పంచుదామన్నా. ఈ మాట తేలాకే చెక్క నానబెడతాం.

గుణుపూర్_తాత: పంచమ్మా. నీళ్లొచ్చే తూముకి సన్న వల కట్టు, లేకపోతే వానకి మళ్లీ ఎక్కొస్తాయి. ఆ 21 మాత్రం...

జయపురం_బుల్లోడు: తెలుసు తాతా!